మూడు వేళ్ల చాటు



మా ఊళ్లో ఎవరైనా కొత్తగా పరిచయమై నా ఉద్యోగం సంగతి తెలుసుకుంటే ముందుగా అడిగే మాట ఒకటే. "కడప జిల్లా వాడివి, నీకు ఓడలతో ఏం పని?" అడగవలసిన మాటే. మనకు సముద్రం లేదు. పెన్నకు నీళ్లొచ్చాయంటే పిల్లా పెద్దా గట్టు మీదికి పోయి చూసి వచ్చే సీమ మనది.

దానికి నేను చెప్పే జవాబు మా జేజినాయన దగ్గర మొదలవుతుంది. ఈ రోజు కె.సి. కాలువ అంటే మనకు వరికి, పసుపుకు పారే నీళ్లే గుర్తొస్తాయి. కానీ 1863లో ఆ కాలువ తవ్వడం మొదలుపెట్టిన కంపెనీకి పొలాలు ఎంత ముఖ్యమో పడవలూ అంతే ముఖ్యం. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు, నంద్యాల సీమల మీదుగా కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. మెరక నుంచి పల్లానికి పడవ దిగడానికి లాకులు కట్టారు. కంపెనీ నష్టాల్లో పడి, 1882లో కాలువ సర్కారు చేతికి వచ్చింది. పడవలు ఆ తర్వాతా తిరిగాయి. 1930ల్లో ఆగిపోయాయి. మా జేజినాయన చిన్నతనంలో ఆ పడవల్ని గట్టు మీద నిలబడి చూసినవాడు.

ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటే. పడవ వెనక చుక్కాని పట్టుకున్నవాడికి ముందేముందో కనపడేది కాదట. బస్తాలు, పత్తి బేళ్లు మనిషెత్తు పేర్చి ఉండేవి. అందుకని ముందు కొసన ఒక పిల్లగాడిని నిలబెట్టేవాళ్లు. వాడు "ఎడమ", "కుడి", "ఆపు" అని కేకేస్తుంటే వెనకున్నవాడు చుక్కాని తిప్పేవాడు. "ఆ పిల్లగాడికి నిద్రపట్టిందంటే పడవ గట్టెక్కేదే అబ్బీ" అనేవాడు జేజినాయన. నేను ముప్పై ఏళ్లు చేసిన పని ఏమిటని అడిగితే ఆ మాటే చెబుతాను. ఓడకు ముందు నిలబడి కేకేసే పిల్లగాడు ఉన్నాడే, వాడి పని చేసే యంత్రాన్ని, అంటే రాడార్‌ను, ఓడల మాస్టు స్తంభాల మీద బిగించి వచ్చాను.

మనకూ ఓడకూ సంబంధమే లేదనుకోవద్దు. మంగంపేట ముగ్గురాయి ఎక్కడికి పోతోందో చూడండి. పెట్రోలు బావులు తవ్వేటప్పుడు బురదకు బరువు రావడానికి ఆ పొడే కలుపుతారు. మన కొండల కింది రాయి ఓడెక్కి గల్ఫు దేశాలకు, అమెరికాకు పోతోంది. ఇక రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు కువైటు పోయినవాళ్లు లేని వీధి ఉంటుందా? అక్కడి రేవుల్లో, అక్కడి టగ్గుల మీద మన పిల్లలు పనిచేస్తున్నారు. ఈ ప్రసంగం వాళ్ల ఇళ్లలోనూ వింటారని నాకు ఆశ.

నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి ఉద్యోగం వెతుక్కుంటూ విశాఖపట్నం పోయాను. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నీళ్లలోకి జారింది ఆ ఊరి షిప్‌యార్డు నుంచే. స్వతంత్ర భారతంలో కట్టి దించిన మొదటి పెద్ద ఓడ అది. నేను చేరింది అంత పెద్ద చోట కాదు. రేవులోకి వచ్చిన ఓడలకు రేడియోలు, రాడార్లు బిగించి, మరమ్మతులు చేసే ఒక చిన్న సంస్థ. అంతకు ముందు నేను సముద్రం చూసింది సినిమాల్లోనే.

రాడార్ ఎలా పనిచేస్తుందో ఈ రేడియోతోనే మొదలుపెట్టి చెబుతాను. మీలో మీడియం వేవ్‌లో వింటున్నవారికి నా గొంతు 900 కిలోహెర్ట్జ్ మీద చేరుతోంది. కడప కేంద్రం పంపే ఆ తరంగం ఒక్కొక్కటి 333 మీటర్ల పొడవు. ఓడ రాడార్ పంపేదీ ఈ జాతి తరంగమే. పొడవు మాత్రం 3 సెంటీమీటర్లు. మీ బొటనవేలి పై కణుపంత. పెద్ద అల చిన్న వస్తువును పట్టించుకోదు, చుట్టుకుని ముందుకు పోతుంది. చిన్న అల తగిలిన చోట చెదిరి, కొంత వెనక్కి వస్తుంది. ఆ వెనక్కి వచ్చినదాన్ని పట్టుకుని, ఎంతసేపటికి వచ్చిందో కొలిస్తే ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఒక సముద్రపు మైలు దూరం, అంటే 1,852 మీటర్లు, పోయి రావడానికి ఆ తరంగానికి పట్టే కాలం సెకనులో పది లక్షల భాగాల్లో పన్నెండు భాగాలు. గండికోట లోయ అంచున నిలబడి కేకేస్తే ప్రతిధ్వని వచ్చే దాకా మనం ఆగుతామే, అదే లెక్క.

దీని చరిత్రలో రేడియో కేంద్రానికి సొంతమైన పుట ఒకటుంది. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండులో డావెంట్రీ అనే చోట, బీబీసీ వాళ్ల ప్రసార కేంద్రం పంపే తరంగాలు ఎగిరే విమానానికి తగిలి వెనక్కి రావడం వాట్సన్ వాట్ బృందం కనిపెట్టింది. అంతకన్నా ముందే, 1904లో, జర్మనీలో హ్యూల్స్‌మయర్ అనే యువకుడు కొలోన్ నగరంలో రైన్ నది వంతెన దగ్గర ఒక పెట్టె పెట్టి, వచ్చే పడవను అది గుర్తుపట్టి గంట కొట్టడం జనానికి చూపించాడు. అతను కోరుకున్నది మంచులో ఓడలు ఢీకొనకుండా ఉండటం. కొనేవాళ్లు దొరకలేదు. ఆ తర్వాత, 1940లో, బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ అనే ఇద్దరు మాగ్నెట్రాన్‌కు కొత్త రూపం ఇచ్చారు. కొన్ని సెంటీమీటర్ల తరంగాన్ని బలంగా పుట్టించే గొట్టం అది. మన ఇళ్లలోకి వచ్చిన మైక్రోవేవ్ పొయ్యిలో ఉన్నదీ ఆ కుటుంబానిదే. అది దొరికాకే రాడార్ ఓడ మాస్టు మీదికి ఎక్కగలిగేంత చిన్నదయింది.

రాడార్‌లో తరంగాన్ని పంపి, తిరిగి పట్టుకునే భాగాన్ని ఓడ మీద యాంటెన్నా అని ఎవరూ అనరు. స్కానర్ అంటారు. ఓడరేవుకు పోయినప్పుడు మాస్టు పైన తెల్లటి అడ్డపట్టీ ఒకటి గిరగిరా తిరుగుతూ కనపడుతుంది చూడండి, అదే. ఆరడుగుల పట్టీ అనుకుందాం. లోపల దీర్ఘచతురస్రంగా ఉన్న లోహపు గొట్టం. పిల్లనగ్రోవికి రంధ్రాలున్నట్టు దానికి వరసగా సన్నటి కోతలు. ఆ కోతల్లోంచి తరంగం పలచటి రేకులాగా బయటికి వస్తుంది. అడ్డంగా ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ మందం, నిలువున ఇరవై డిగ్రీలకు పైన. నిలువున అంత ఎందుకంటే ఓడ అలల మీద ఒరుగుతుంది కాబట్టి. రెండున్నర సెకన్లకు ఒక చుట్టు తిరిగి, చుట్టూ ఉన్న సముద్రాన్నంతా ఆ రేకు తడుముతుంది.

బిగించడం అంటే నాలుగు బోల్టులు. అది గంట పని. ఎక్కడ బిగించాలో తేల్చుకోవడమే అసలు పని. నాకది నేర్పింది భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రి. చదువుకున్నది ఐదో తరగతి. చేరిన మొదటి వారంలో నేను పానా తీసుకుని గబగబా మాస్టెక్కబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏటి బాబూ ఆ తొందర? ముందు పైకెల్లి కూకో. సంద్రం సూడు. నీ కంటికి అడ్డమొచ్చింది దానికీ అడ్డమే. సూసొచ్చి నాతో సెప్పు, అప్పుడు పానా ఇస్తాను."

పోయి కూర్చున్నాను. విశాఖ రేవులో ఆ రోజుల్లో ఏ మాస్టు నిచ్చెన పట్టుకున్నా అరచేతులకు ఎర్రటి ఇనుప ఖనిజం దుమ్ము అంటుకునేది. ఆ చేతుల్తోనే కొలతా నేర్చుకున్నాను. చెయ్యి బారుగా చాచి, పిడికిలి బిగించి, ఒక కన్ను మూసి చూస్తే, ఆ పిడికిలి కప్పేసే మేర పది డిగ్రీలు. మధ్య మూడు వేళ్లు కలిపి పెడితే ఐదు డిగ్రీలు. మనిషి పొడుగైతే చెయ్యీ పొడుగే, అందువల్ల లెక్క పెద్దగా తప్పదు. స్కానర్ కూర్చోబోయే చోట తల పెట్టి, ఎదురుగా పొగగొట్టం ఎన్ని వేళ్లు, సరుకు దించే క్రేను ఎన్ని వేళ్లు, దీపాల స్తంభం ఎన్ని వేళ్లు అని చుట్టూ కొలుచుకుంటూ రావాలి. ఆ చాటున ఏమున్నా రాడార్‌కు కనపడదు. కనపడకపోవడం ఒక్కటే అయితే అదొక రకం. తరంగం పొగగొట్టానికి తగిలి పక్కకు మళ్లి, అక్కడి ఓడను తట్టి వచ్చిందంటే, ఓడ లేని చోట ఓడ ఉన్నట్టు తెర మీద చూపిస్తుంది. దాన్ని మేం దయ్యం అనేవాళ్లం.

మేస్త్రి వేళ్లతో నేర్పినదాన్నే తర్వాత అంతర్జాతీయ సముద్రయాన సంస్థ కాగితాల్లో చదివాను. ఓడ ముక్కు నుంచి రెండు వైపులా, పక్కలు దాటి వెనక్కి ఇంకో 22.5 డిగ్రీల దాకా, ఏ అడ్డమూ ఉండకూడదు. మిగిలిన వెనక భాగంలో ఏ ఒక్క చాటూ 5 డిగ్రీలు మించకూడదు, అన్నీ కలిపి 20 మించకూడదు. అంటే ఒక్కో చాటుకు మూడు వేళ్లు, మొత్తానికి రెండు పిడికిళ్లు. ఇంకొకటి కూడా ఉంది. స్కానర్ దగ్గర నుంచి ఓడ ముక్కు అంచు మీదుగా చూపు సారిస్తే అది నీళ్లను తాకే చోటు 500 మీటర్ల లోపో, ఓడ పొడవుకు రెండింతల లోపో, ఏది తక్కువైతే ఆ లోపల ఉండాలి. అంతకు దగ్గరగా ముక్కు కింద ఉన్నది కనపడకుండా పోతుంది కాబట్టి.

అలాగైతే వీలైనంత ఎత్తున పెడితే పోదా అని నేనూ అడిగాను. కర్నూలు వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొండారెడ్డి బురుజు పైకెక్కితే ఊరి అవతల దాకా కనపడుతుంది. గోడ పక్కనే నక్కినవాడు కనపడడు. ఎత్తుకు ఆ నష్టం ఉంది. లాభమైనా మనం అనుకున్నంత రాదు. స్కానర్ ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 2.2తో గుణిస్తే రాడార్ చూపు ఎన్ని సముద్రపు మైళ్ల దాకా పోయి భూమి వంపు కిందికి దిగిపోతుందో వస్తుంది. 16 మీటర్ల ఎత్తుకు 8.8 మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు. కడపలో బయలుదేరితే చెన్నూరు దాటి ఇంకా ముందుకు పోయినంత. దాన్ని రెండింతలు చేయాలంటే ఎత్తు నాలుగింతలు, 64 మీటర్లు కావాలి. అంత మాస్టు ఎవరు కడతారు? పైగా ఎత్తు పెరిగేకొద్దీ దగ్గరి అలల నుంచి తిరిగి వచ్చే చుక్కలు తెర నడుమ ముసురుకుంటాయి. ఆ ముసురులోనే చేపల పడవ దాగిపోతుంది. అందుకని మాస్టు మీద సరైన ఎత్తు అనేది ఎప్పుడూ బేరమే. దూరం కొంత వదులుకుని దగ్గర కొంత కొనుక్కోవాలి.

బిగించే రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. తెల్లవారుజామున మొదలుపెట్టేవాళ్లం, ఇనుము కాలకముందే. ముందు బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది లోకి పోయి పాత రాడార్ ఆపి, దాని ఫ్యూజు పీకి నా జేబులో వేసుకునేవాణ్ని. పైన మనిషి ఉన్నాడు, తాకవద్దు అని బోర్డు తగిలించడం ఒక పద్ధతి, ఫ్యూజు జేబులో ఉండటం ఇంకో పద్ధతి. నాకు రెండూ కావాలి. ఓడ కూత కూడా మాస్టు మీదే ఉంటుంది. పక్కన మనిషి ఉండగా అది ఒక్కసారి మోగిందంటే చెవులు దిమ్మెక్కి చేతులు వదిలేస్తాడు. అందుకని దాని గాలి కట్టేయించాలి. రేడియో పెట్టె ఆపించాలి. నడుముకు, భుజాలకు పట్టీలు, వాటికి రెండు కొక్కేలు. ఒకటి తీసినప్పుడు రెండోది తగిలే ఉండాలి. పానాలకు దారం కట్టి మణికట్టుకు ముడివేసుకోవాలి. పదిహేను మీటర్ల పైనుంచి జారిన పానా కింద నిలబడినవాడికి పానా కాదు, ఫిరంగి గుండు.

స్కానర్‌ను తిప్పే గేరుపెట్టె ముప్పై నలభై కిలోలుంటుంది. ఒక తాడు పైకి లాగడానికి, ఇంకొకటి కింద నుంచి పట్టుకుని అది గాలికి ఊగి మాస్టుకు కొట్టుకోకుండా అదుపు చేయడానికి. పైకి చేరాక దాని ఒంటి మీది బాణం గుర్తు ఓడ ముక్కు వైపు తిప్పి కూర్చోబెట్టాలి. కింద రబ్బరు పలక. బోల్టులు అడుగు నుంచి పైకి ఎక్కించాలి. బోల్టు అరంగుళం పొడవు ఎక్కువైతే అల్యూమినియం ఒళ్లు లోపల పగులుతుంది. తక్కువైతే నాలుగు మరలే పట్టి, ఇంజను అదురుకు నెలలోనే వదులవుతుంది. స్టీలు బోల్టు, అల్యూమినియం పెట్టె, ఇనుప పలక, మధ్యలో ఉప్పునీళ్లు. మూడు లోహాలూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. మన దగ్గర గేటు గొలుసు పదేళ్లకు కూడా అలాగే ఉంటుంది. అక్కడ రంగు, జిగురు, గ్రీజు సరిగా పుయ్యకపోతే ఒక్క వానాకాలం చాలు.

కేబులు దగ్గర నేను ఎవరినీ నమ్మేవాణ్ని కాదు. పై నుంచి వచ్చే కేబులు నేరుగా పెట్టెలోకి పోకూడదు. పెట్టె కిందికి ఒక మెలిక వేలాడి, మళ్లీ పైకి లేచి లోపలికి పోవాలి. వాన నీళ్లు కేబులు వెంట జారి ఆ మెలిక అడుగున బొట్టుబొట్టుగా రాలిపోతాయి. మెలిక లేకపోతే అదే బొట్టు లోపలికి నడుస్తుంది. మన పూరింటి చూరు అంచు గోడకు దూరంగా ఎందుకుంటుందో, ఇదీ అందుకే. ఇంకా దిక్సూచి సంగతి ఉంది. మాగ్నెట్రాన్‌లో గట్టి అయస్కాంతం ఉంటుంది. దిక్సూచికి ఎన్ని మీటర్ల దూరంలో ఉంచాలో పెట్టె మీదే రాసి ఉంటుంది. ఆ దూరం టేపు పట్టి కొలవాలి, కంటితో కాదు.

300 టన్నులు దాటిన ఓడలకు ఈ 3 సెంటీమీటర్ల రాడార్ తప్పనిసరి. 3,000 టన్నులు దాటితే రెండోది కూడా ఉండాలి. సాధారణంగా అది 10 సెంటీమీటర్ల తరంగంది. పొడవైన తరంగం కాబట్టి వాన దాన్ని అంతగా మింగదు. కానీ దాని పట్టీ పన్నెండడుగులు. రెండు స్కానర్లూ ఒకదాని రేకులో ఇంకొకటి పడకుండా పైనా కిందా పెట్టాలి. అప్పుడు మొదటిదానికి చూసిపెట్టుకున్న వేళ్ల లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.

అన్నీ అయ్యాక అందరూ కిందికి దిగి, లెక్కపెట్టుకుని, అప్పుడు నా జేబులోని ఫ్యూజు దాని చోటికి పోయేది. మాగ్నెట్రాన్ వేడెక్కడానికి దాదాపు మూడు నిమిషాలు. తెర మీద అంకెలు దిగుతుంటాయి. ఆ మూడు నిమిషాలూ మేస్త్రి మాట్లాడేవాడు కాదు, టీ గ్లాసు చేతిలో చల్లారిపోయేది. తర్వాత మొదటి చుట్టు. రేవు గోడలు, గోదాములు, కొండ, బయట లంగరేసిన ఓడలు పసుపు రంగులో ఒక్కొక్కటే తేలేవి. నేను మొదట చూసేది మాత్రం ఎదురుగా ఉన్న జెట్టీ గోడను. అది తిన్నగా కట్టిన గోడ. కొత్త రాడార్‌లో కొడవలిలా వంగి కనపడుతుంది. తరంగం కేబులు గుండా పోయి రావడానికి పట్టే కాలం లెక్కలోకి రాకపోవడమే కారణం. దూరాలన్నీ ఒకే మోతాదులో తప్పుతాయి, దగ్గరి గోడకు ఆ తప్పు ఎక్కువగా తెలుస్తుంది. ఆ అంకెను కొంచెం కొంచెం మారుస్తూ పోతే కొడవలి నిదానంగా సాగి, గోడ తిన్నబడుతుంది. నాకు ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు. ఆ తర్వాత రెండు మూడు మైళ్ల దూరంలో నీళ్ల మీద తేలే గుర్తు, బోయా, ఒకటి పట్టుకుని, కంటికి అది ఏ దిక్కున ఉందో, తెర మీద ఏ దిక్కున చూపిస్తోందో సరిచూడాలి. ఒక్క డిగ్రీ తప్పితే ఆరు మైళ్ల దూరంలో తేడా దాదాపు 200 మీటర్లు. అంత తేడాలో ఒక ఓడ పొడుగునా పడుతుంది.

మూడో ఏడు నేనొక తప్పు చేశాను. ఒక చిన్న సరుకు ఓడకు రాడార్ మారుస్తున్నాం. మేస్త్రి ఆ వారం ఊళ్లో లేడు. మాస్టుకు ఉన్న పాత పలక మీదే పెడితే కొత్త పలక అతికించే ఖర్చు, ఒక రోజు, రెండూ మిగులుతాయన్నారు. పైకెక్కి చూశాను. కుడి పక్క ముందువైపు దీపాల స్తంభం అడ్డుంది. పిడికిలి నిండా. చూసి కూడా, ఇన్నేళ్లు పాతది ఇక్కడే పనిచేసింది కదా అనుకుని బిగించేశాను. రెండు నెలలకు ఆ ఓడ తిరిగి వచ్చింది. సరంగు నన్ను పిలిపించి, బ్రిడ్జి కిటికీ దగ్గర నిలబెట్టి, కుడిచేతి వైపు చూపించాడు. జనవరి మంచులో, తెల్లవారకముందు, తెర మీద ఏమీ లేని ఆ వైపు నుంచే ఫైబర్ తెప్ప ఒకటి వచ్చిందట. తెప్పలోని ముగ్గురూ సత్తు గిన్నెల మీద కొడుతూ అరిస్తే ఆ చప్పుడుకు చుక్కాని తిప్పారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఇంత మేర" అని పిడికిలి చాచి చూపించాడు, అంతే. ఆ పూటే పలక కోయించి, స్కానర్ ముందుకు జరిపించాను. ఆ నెల జీతంలో పలక డబ్బు నేనే కట్టుకున్నాను. మేస్త్రి వచ్చాక చెబితే ఆయన చాలాసేపు ఊరుకుని, "ఆళ్లు గిన్నెలు తెచ్చుకోకపోతే?" అన్నాడు. ఆ ప్రశ్న నాతోనే ఉంది.

అప్పటి నుంచి మాస్టెక్కినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది పెద్ద ఓడ కాదు. పెద్ద ఓడ ఎలాగైనా కనపడుతుంది, ఇనుము కదా. కర్ర పడవకు, ఫైబర్ తెప్పకు తరంగాన్ని తిప్పికొట్టే ఒళ్లు లేదు. తగిలిన కొంచెమూ చెదిరిపోతుంది. అందుకే చేపల రేవులో ఎవరు మాట్లాడనిచ్చినా నేను రిఫ్లెక్టర్ గురించి చెప్పేవాణ్ని. మూడు లోహపు రేకులు ఒకదానికొకటి సరిగ్గా నిలువుగా, గది మూలలాగా కలిస్తే, ఏ వైపు నుంచి వచ్చిన తరంగమైనా మూడు గోడలకూ తగిలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. అలాంటి మూలలు ఎనిమిది కలిపితే ఒక బొంగరం లాంటి వస్తువు. పడవ కొయ్య మీద వీలైనంత ఎత్తున కట్టుకుంటే, పెద్ద ఓడ తెర మీద ఆ చిన్న పడవ చుక్కగా నిలుస్తుంది. రేకులు వంగితే మూల చెడుతుంది, పని తగ్గిపోతుంది. వల ఆరేసుకోవడానికి దాన్ని వాడవద్దని నేను బతిమాలుకునేవాణ్ని. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వాడే ఇంకో పరికరం ఉంది. పెద్ద ఓడల ప్రాణరక్షక పడవల్లో పెడతారు. 3 సెంటీమీటర్ల రాడార్ తరంగం తగలగానే అది మేలుకుని బదులిస్తుంది. వెదికే ఓడ తెర మీద వరసగా పన్నెండు చుక్కలు గీతలా పడతాయి. పరీక్షల్లో నేను ఆ పన్నెండూ చాలాసార్లు లెక్కపెట్టాను. అవసరం పడి లెక్కపెట్టే రోజు నాకు రాలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. కైలాసగిరి మీది వాతావరణ శాఖ రాడార్ కూడా ఆ గాలికి దెబ్బతింది. దేశంలో తుపాన్లను పసిగట్టే రాడార్ మొదట, 1970లో, పెట్టింది ఆ ఊళ్లోనే. చేపల రేవులో పడవలు ఒకదాని మీద ఒకటి పడి మునిగాయి. మరుసటి వారం నుంచి నెలల తరబడి మాకు విరిగిన స్కానర్లు విప్పడమే పని. ఒక పడవ యజమాని విరిగిన పట్టీని కొడుకులాగా ఒళ్లో పెట్టుకుని మా షెడ్డు ముందు కూర్చున్నాడు. బాగవుతుందా అని అడగలేదు, ఎన్ని రోజులకు అవుతుంది అని అడిగాడు. ఆయనకు అది కొనడానికి ఎన్ని వేటలు పట్టాయో నాకు తెలుసు.

రాడార్ సీమకు కొత్త కాదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర పొలాల మధ్య 1,024 యాంటెన్నాలు పాతి ఉన్నాయి. ఆకాశంలో పై గాలుల కదలికను అవి వింటాయి. తిరగవు, ఊగవు, నేల మీదే నిలబడి ఉంటాయి. అక్కడికి పోయినప్పుడు నేను అలవాటు కొద్దీ చెయ్యి చాచి చుట్టూ ఉన్న కొండల్ని పిడికిళ్లతో కొలుచుకున్నాను.

ఉద్యోగం విరమించి ఊరికి వచ్చి కొన్నేళ్లయింది. మా చెల్లెలి కొడుకు కువైటులో ఒక టగ్గు మీద ఎలక్ట్రీషియన్. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, నేను పసుపు కొమ్ములు ఆరబెట్టిన కళ్లంలో ఉండగా ఫోను చేశాడు. గాలి హోరులో మాట సరిగా వినపడలేదు.

"మామా, కొత్త స్కానర్ వచ్చింది. నన్నే బిగించమన్నారు. పైనే ఉండాను."

"పానా చేతిలో ఉందా?"

"ఉంది మామా."

"పక్కన పెట్టు. చెయ్యి చాచు. చుట్టూ చూసుకుంటూ రా."

చాలాసేపు గాలి హోరు తప్ప ఏమీ లేదు. నేను ఫోను చెవికి ఆనించుకుని కళ్లంలో నిలబడే ఉన్నాను.

"ముందంతా బాగుంది మామా. ఎనకపక్క కుడిచేతికి పొగగొట్టం తగులుతాంది."

"ఎంత?"

"పిడికిలికి కొంచెం తక్కువ."

"పలక మార్చమను."

"ఇంకో రోజు పడుతుందంటారు మామా."

"పడనీ."

మరుసటి రోజు పొద్దుగూకే వేళ మళ్లీ మోగింది. ఈసారి గాలి లేదు, కిందికి దిగి ఉన్నట్టున్నాడు. "మామా, ఎడమకు జరిపించినాం. ఇప్పుడు రెండు వేళ్లే."